సముద్రం ఇంట్లో లేని రోజు

నేను ఏడవలేదు. ముందు ఆ సంగతి తేలాలి. మిగతావి తర్వాత.

అమెరికాలోని మా నేపర్‌విల్‌లో ఏ ఇంటి బేస్‌మెంట్‌లో నాలుగు కుటుంబాలు చేరినా, బిర్యానీ ట్రేలు అడుగంటే వేళకు కరీంనగర్ మనిషి కుర్చీ ముందుకు జరుపుకుని ఈ కథ ఎత్తుకుంటాడు. చదువుకునే రోజుల్లో ఇంగ్లండ్‌లో మేం ముగ్గురం సముద్రం చూడ్డానికి పోయామట. పొద్దున మొదలైన వాన సాయంత్రం దాకా వదల్లేదట. సముద్రమూ లేదు, సుఖమూ లేదట. చివరికి నేను బస్సు డ్రైవర్‌తో ఉత్తపుణ్యానికి తగవు పెట్టుకుని, ఏడ్చి, ముగ్గురి పరువూ తీశానట. అతని నెత్తి మీద జుట్టు సగం రాలిపోయింది గాని ఈ కథ మాత్రం ఏటేటా ఒత్తుగా పెరుగుతోంది.

మొన్న శనివారం కూడా అదే తంతు. బయట జోరు వాన, లోపల వాళ్ళ అమ్మాయి గ్రాడ్యుయేషన్ పార్టీ. కథ విని పిల్లలంతా పడీపడీ నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం ప్లేటు పట్టుకుని నా పక్కకొచ్చి కూర్చుంది.

"ఆంటీ, నువ్వు నిజంగా బస్ డ్రైవర్‌తో ఫైట్ చేసినావా? బట్ వై?"

"మీ నాన్నని అడుగమ్మా."

"నాకేం దెల్సు? గది నువ్వే జెప్పాలె," అన్నాడతను.

నిజమే, అతనికి తెలియదు. ఆ సమయంలో అతను బస్సులో ఐదో వరుసలో న్యూస్‌పేపర్ వెనక దాక్కుని, నేనెవరో ఎరగనట్టు కూర్చున్నాడు. పారిపోయినవాడు యుద్ధం కథ చెబితే ఎట్లా ఉంటుందో అతని కథ అట్లా ఉంటుంది. కాబట్టి నా కథ నేనే చెప్పుకుంటాను.

మేం అద్దెకున్న ఊరు ఇంగ్లండ్ నట్టనడుమ, ఏ సముద్రానికీ దగ్గర కాని చోట. పైగదిలో నేనూ బాపట్ల పిల్లా. కింది గదిలో కరీంనగర్. ముగ్గురికీ పేర్లున్నాయి గాని వాడేవాళ్ళం కాదు. నేను అనంతపురాన్ని. రోజుకు నాలుగుసార్లయినా సొంత ఊరి పేరు చెవిన పడాలని కాబోలు, ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కుకు తెలుసు. తడి కార్పెట్టు, హీటర్ మీద ఆరేసిన ఉన్ని సాక్సులు, వాటి మీదుగా ఇంగువ. తిరగమోతకు ముందు పొగ అలారానికి షవర్ క్యాప్ తొడగడం మా ఇంటి ఆచారం. దీపం పెట్టడం మరిచినా అది మరిచేవాళ్ళం కాదు. ఒకసారి దాన్ని తీయడం మరిచిపోతే ఓనరమ్మ చూసి, "దానికి కూడా చలేస్తోందా?" అని మాత్రం అడిగి టీ పెట్టుకోవడానికి వెళ్ళింది. డెబ్బై ఏళ్ళ మనిషి. మా మీద ఆవిడకు కోపం ఎప్పుడు వచ్చేదో, నవ్వు ఎప్పుడు వచ్చేదో కనిపెట్టడం కష్టం.

చేతుల్లో ఫోన్లు లేని కాలం. వీధి చివర బూత్, నాణెంతో గీకితే నంబరు బయటపడే కాలింగ్ కార్డు. బాపట్ల పిల్ల ప్రతి ఆదివారం ఇంటికి ఫోన్ చేసి, "బాగున్నా, చదువుకుంటన్నా" అని చెప్పి వచ్చి మంచమెక్కేది. చదవడం లేదు. మొదటి టర్మ్‌లో ఒక పేపర్ పోయింది. ఆ తర్వాత ల్యాబ్‌కు వెళ్ళడం మానేసింది. ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున వంటింట్లో టీ కప్పు ముందు పెట్టుకుని ఒక కాయితం చూపించింది. కోర్సు వదిలేస్తున్నానని రాసే ఫారం. సంతకం కూడా అయిపోయింది.

"సోమవారం ఆఫీసులో ఇచ్చేస్తా. వెళ్ళిపోతన్నానే."

"ఒక్క పేపర్ పోతేనా?"

"పేపర్ కాదే. నాకు నిద్ర పట్టట్లేదు. మా ఇల్లు బాపట్ల అవతల, మైలు దూరంలో సముద్రం. పుట్టిన కాడ్నించీ ఆ చప్పుడులోనే పడుకున్నా. ఇక్కడ చెవుల్లో దూది కుక్కినట్టుంది. ఐదు నెల్లైంది. నా వల్ల కాదు."

కరీంనగర్ బ్రెడ్డు కాల్చుకుంటూ పకపకా నవ్వాడు. "సముద్రం సప్పుడు లేదని డిగ్రీ ఇడిసిపెట్టి పోతరా ఎవలన్న? క్యాసెట్ దొరుకుతది, కొనుక్కో."

"నోర్ముయ్యి," అన్నాను. అప్పటికి నేను సముద్రం చూసినదాన్ని కాను. మా ఊళ్ళో మబ్బు పడితేనే జనం వాకిట్లోకొచ్చి చూసేవాళ్ళు. కానీ ఆ పిల్ల కళ్ళ కింద నలుపు చూశాను. తను క్లాసులో అందరికంటే తెలివైనది. ఆ ఫారం ఆఫీసుకు చేరితే, ఇంకో ఏడాదికి ఏ బాపట్ల వంటింట్లోనో 'మా అమ్మాయి ఇంగ్లండ్ పోయి వచ్చేసింది' అనే మాట కింద నలిగిపోతుందని నాకు తెలుసు. సోమవారానికి నాలుగు రోజులుంది.

పేపర్లమ్మే కొట్టు కిటికీకి ఒక బోర్డు వేలాడేది. ప్రతి శనివారం సముద్రతీరానికి బస్సు. పొద్దున ఎనిమిదికి బయలుదేరి, అక్కడ నాలుగు గంటలకు తిరుగు ప్రయాణం. కింద లావు అక్షరాలతో: ఆలస్యంగా వచ్చేవారి కోసం బస్సు ఆగదు. ముగ్గురికీ టికెట్లు తీసేశాను. శనివారం పొద్దున చూస్తే ఆకాశం చిల్లు పడ్డట్టుంది. వాన తగ్గాక పోదామా అని గుమ్మంలో తటపటాయిస్తుంటే ఓనరమ్మ, "వాన ఆగాక వెళ్దామనుకుంటే ఈ దేశంలో ఎవరూ పెళ్ళికి కూడా వెళ్ళలేరు, నడవండి," అని మమ్మల్ని బయటికి తోసి తలుపేసింది.

డ్రైవర్ ఎర్రటి మొహం మనిషి. తెల్ల మీసాలు, మెడకు టై. ఎనిమిది కొట్టగానే తలుపు మూశాడు. గొడుగు ఊపుకుంటూ పరుగెత్తుకొస్తున్న పెద్దమనిషి ఇంకా పది గజాల దూరంలో ఉన్నాడు. ఆయన్ని అద్దంలో చూస్తూనే బస్సు కదిలించాడు. ఎంత కచ్చితమైన మనిషో అప్పుడే అర్థమైంది.

గంట గడిచాక నేను పులిహోర డబ్బా తెరిచాను. తెల్లవారుజామున లేచి చేసింది, వేరుశనగపప్పు దండిగా వేసి. ముందు సీటు ముసలమ్మలిద్దరు ఒకేసారి వెనక్కి తిరిగారు. డ్రైవర్ మైక్ తీసి, బస్సులో వేడి ఆహారం తినకూడదని అందరికీ వినపడేలా చెప్పాడు. నేను లేచి ముందుకు వెళ్ళాను.

"ఇది చల్లారి నాలుగు గంటలైంది."

"నాకు వాసన వేడిగా తగుల్తోంది," అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"వాసనకు వేడెక్కడిదండీ?"

"అమ్మాయ్, కూర్చో."

కూర్చుని మొత్తం తిన్నాం. కరీంనగర్ మాత్రం గడ్డం కోటు లోపలికి దించి, ఎవరూ చూడకుండా పిడికిలితో తిన్నాడు. పరువు గురించి కథలు చెప్పేది ఈ మనిషే.

పదకొండింటికి దిగాం. నేను పరుగెత్తాను. ఇరవై మూడేళ్ళు వచ్చాక మొదటిసారి సముద్రం చూడబోతున్నదాన్ని, పరుగెత్తనా? గోడ దగ్గరికెళ్ళి చూద్దును కదా, సముద్రం లేదు. కనుచూపు మేర గోధుమరంగు బురద. మధ్యమధ్య నీటి చారలు. పడవలు పక్కకు ఒరిగి బురదలో కూరుకుని ఉన్నాయి. నీళ్ళలోకి కట్టిన పొడవాటి చెక్క వంతెన బురద మీదే నిలబడి ఉంది, ఎవరి కోసం కట్టారో తనకే తెలియనట్టు.

"గిదేంది? సముద్రం ఏడ వోయింది?" అన్నాడు కరీంనగర్.

నేను బాపట్ల పిల్ల వైపు తిరిగాను. సముద్రం సంగతి తెలిసినది తనొక్కతే కదా. అదీ నోరు తెరిచి చూస్తోంది. "మా సముద్రం ఎక్కడికీ పోదే," అంది. "ఓ నాలుగు గజాలు ముందుకొస్తది, వెనక్కి పోద్ది. ఇట్టా ఇల్లు ఖాళీ చేసి పోదు."

మా ముగ్గురిలో ఒక్కరికైనా తట్టిందా, ఇంగ్లండ్ పడమటి ఒడ్డున ఆటుపోట్లకు సముద్రం మైలు దూరం వెళ్ళిపోతుందని? బంగాళాఖాతం చూసి పెరిగిన పిల్ల మాట నమ్మి, సముద్రమంటే ఎప్పుడెళ్ళినా ఉంటుందనుకుని, నీళ్ళొచ్చే వేళ కనుక్కోకుండా బస్సెక్కాం. గోడ పక్కన అద్దాల పందిరి కింద ఒక ముసలి జంట కూర్చుని ఉంది, ఫ్లాస్కు మధ్యలో పెట్టుకుని, ఎదురుగా ఉన్న బురదను సినిమా చూసినట్టు చూస్తూ. వెళ్ళి అడిగాను.

"వచ్చేస్తుంది," అంది ముసలమ్మ తాపీగా. "దుప్పటి తీసి దులిపి మళ్ళీ పరిచినట్టు. రోజూ ఉన్నదే."

ముసలాయన కోటు జేబులోంచి చిన్న పుస్తకం తీసి వేలితో వరస చూశాడు. "ఇవాళ మెట్ల దగ్గరికి చేరేసరికి నాలుగు దాటుతుంది."

"నాలుగు దాటి ఎంత?"

"కాస్త."

మా బస్సు నాలుగింటికి. బాపట్ల పిల్ల మెట్లు దిగి బురద వైపు అడుగేసింది. ముసలాయన ఇంత గొంతుతో అరుస్తాడనుకోలేదు: "అమ్మాయ్! ఆ బురద గుర్రాలనే మింగింది, వెనక్కి రా!" అది వెనక్కి వచ్చి పై మెట్టు మీద కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆస్పత్రి బయట కూర్చున్నట్టు.

ఇక్కడ కరీంనగర్ కథలో 'రోజంతా చలిలో చచ్చాం' అని వస్తుంది. అబద్ధం. అంత మంచి రోజు నేను మళ్ళీ చూడలేదు. ముసలమ్మ పందిరి కింద మాకు చోటిచ్చి, ఫ్లాస్కు మూతలో టీ పోసి వంతులవారీగా తాగించింది. కరీంనగర్ వెళ్ళి కాయితంలో చుట్టిన వేడి చిప్స్ తెచ్చాడు, వెనిగర్ ఘాటుతో. నేను సంచీలోంచి మా అమ్మ పంపిన కారప్పొడి పొట్లం తీసి వాటి మీద చల్లాను. ముసలాయన ఒకటి తిని, కళ్ళు తుడుచుకుని, దగ్గి, రెండోది తీసుకున్నాడు. ఆ తర్వాత పొట్లం ఆయన దగ్గరే ఉండిపోయింది. "ఇది వేసుకుంటే ఈ దేశంలో కూడా బతకొచ్చు," అన్నాడు. "నువ్వు పుట్టిందే ఈ దేశంలో," అంది ఆవిడ. మా గొడుగు గాలికి తిరగబడి ఊచలన్నీ బయటపడితే, కరీంనగర్ దాన్ని నెత్తిన పెట్టుకుని వంతెన చివరిదాకా ఊరేగాడు. వంతెన మీద మేం తప్ప ఎవరూ లేరు. గాలిలో ఉప్పు, నాచు, కాలిన నూనె కలిసిన వాసన. నేను నాలుక చాపి వాన రుచి చూశాను. ఉప్పగా ఉంది. అనంతపురం పిల్లకు ఉప్పు వాన! అది చెప్పడానికి పరుగెత్తుకొచ్చాను.

బాపట్ల పిల్ల కూర్చున్న మెట్టు మీంచి లేవలేదు. మూడున్నరకు దూరాన వెండి జరీలాంటి గీత కనపడింది. అది లావెక్కుతోంది. పడవ ఒకటి మెల్లగా నిటారుగా లేచింది. అయినా చప్పుడు లేదు. నాలుగుకు ఐదు నిమిషాలప్పుడు రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది.

"నువ్వు పో," అంది, అటు నుంచి తల తిప్పకుండా. "నేను రాను."

"నిన్నొదిలేసి పోతాడే."

"పోనీ. ఇంకొంచెం ఆగితే వినపడుద్ది."

ఇంకో బస్సు వచ్చే శనివారం. కరీంనగర్ అప్పటికే ఎక్కేశాడు. నేను రోడ్డు దాకా పరుగెత్తాను. బస్సు తలుపు సముద్రం వైపే తెరుచుకుని ఉంది. అప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

మా వీధికి వారానికి రెండుసార్లు నీళ్ళ ట్యాంకర్ వచ్చేది. పావుగంట ఆగి వెళ్ళిపోయేది. వీధి చివర ఒక బాలింత ఉండేది, బిందెలతో ఆమె వచ్చేసరికి ఎప్పుడూ ఆలస్యం. మా అవ్వ తన బిందెలు నింపుకున్నాక డ్రైవర్ ముందు నిలబడి నడుముకు చేతులు పెట్టుకునేది. "ఏమప్పా, మొన్న నా బిందె అర నిండంగానే పైపు యాల పెరికితివి? ఈ పొద్దు చెప్పకుండా యాడికి పోతావో చూస్తా!" బిందె నిండిందని అవ్వకూ తెలుసు, వాడికీ తెలుసు. అయినా బాలింత నీళ్ళు పట్టుకునేదాకా ఆ పంచాయితీ తెగేది కాదు. ఆ వీధిలో అవ్వను గయ్యాళి అనేవాళ్ళు. ఆమె వల్ల నీళ్ళు దొరికినవాళ్ళు కూడా అదే అనేవాళ్ళు.

నేను ఒక కాలు బస్సు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాను.

"నాలుగు కాలేదు," అన్నాను.

డ్రైవర్ చెయ్యి చాపి వాచీ చూపించాడు. "అయింది."

"మీ వాచీ మీ సొంతం. అదిగో, ఆ చర్చి గోపురం గడియారంలో ఇంకా మూడు నిమిషాలుంది."

"నాకు పెళ్ళైన నాటి నుంచీ ఆ గడియారం వెనకే నడుస్తోంది."

"అయితే ఈ ఊరికి అదే టైమ్. బోర్డు మీద నాలుగు అని రాశారు గాని ఎవరి నాలుగో రాయలేదు."

"ఆలస్యంగా వచ్చేవారి కోసం ఆగమని రాశాం కదా?"

"నేను ఆలస్యంగా రాలేదు. వచ్చే ఉన్నాను. ఎక్కడమే ఆలస్యం. రావడమూ ఎక్కడమూ ఒకటేనా?"

పొద్దున పులిహోర వాసనకు వెనక్కి తిరిగిన ముసలమ్మల్లో ఒకావిడ, "ఆ మాటలో న్యాయముంది," అంది పక్కావిడతో. ఐదో వరుసలో న్యూస్‌పేపర్ ఇంకాస్త పైకి లేచింది. నా వీపు మీద వాన దరువేస్తోంది. వెనక్కి తిరిగి చూడాలని మెడ లాగుతోంది గాని తిరగలేదు. నేను తిరిగితే అతనూ అటు చూస్తాడు, ఒక మనిషి తక్కువని కనిపెడతాడు. మాటకు మాట అంటించుకుంటూ పోవడమే నా పని.

"పొద్దున మా అన్నాన్ని వేడి ఆహారమన్నారు. అందరి ముందూ మైక్‌లో. దానికి జవాబు చెప్పండి, ఎక్కుతాను."

"వాసన వేడిగా ఉందన్నాను. నా కళ్ళలో నీళ్ళొచ్చాయి."

"కిటికీ తీసుకుని తోలితే చలిగాలికి ఎవరి కళ్ళయినా కారతాయి. మా ఇంగువనంటారా?"

"నీతో వాదిస్తూ డీజిల్ తగలెయ్యలేను," అని తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. గెలిచాననుకున్నాను. చేతులు కట్టుకుని సీటులో వెనక్కి వాలాడు. "ఊఁ, చెప్పు. ఏమిటది, ఇంగువంటే?"

చెప్పాను. ఇంగువ గురించి, చింతపండు గురించి, ప్రయాణానికి పెరుగన్నం ఎందుకు పనికిరాదో, వాళ్ళ చేప వాసనకు మేమెవరమూ మైక్ తీసుకోలేదన్న సంగతి గురించి. గొంతు బొంగురుపోయింది. మొహం నిండా వాన నీళ్ళు. కరీంనగర్ పేపర్ సందులోంచి చూసి ఏడుపనుకున్నది అవే. ఒక దశలో నేనేం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు. డ్రైవర్ ఉన్నట్టుండి చెయ్యెత్తి, "సరే, చాలు. ఎక్కు," అన్నాడు. అప్పుడు వినపడింది వెనక నుంచి, చెప్పుల్లేని కాళ్ళతో తడి రోడ్డు మీద పరుగు. బాపట్ల పిల్ల నన్ను లోపలికి తోసుకుంటూ ఎక్కింది. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసిపోయింది. బూట్లు చేతిలో ఉన్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. నవ్వుతోంది.

గోపురం గడియారం చూశాను. పదకొండు నిమిషాలు ఆపాను బస్సుని.

కిటికీలోంచి చూస్తే మెట్లు మూడు మునిగి, నాలుగో మెట్టు మీద నురగ. నా మొదటి సముద్రం అలా కదిలే బస్సు అద్దం మీంచి, వాన చారల మధ్య, అర నిమిషం కనపడింది.

"నీ అరుపులు అక్కడిదాకా వినపడినయ్యే," అంది బాపట్ల పిల్ల, సాక్సులు పిండుకుంటూ. "నీ గొంతు వినపడినంత సేపూ బస్సు ఉన్నట్టే అనుకున్నా. అందుకే కంగారు పడలా." నా భుజం మీద తల పెట్టి దారంతా నిద్రపోయింది. సోమవారం నేను లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. ఫారం ఇవ్వడానికే పోయిందనుకుని ఆఫీసు దాకా వెళ్ళి చూస్తే అక్కడ లేదు. ల్యాబ్‌కు పరుగెత్తాను. అక్కడ బెంచీ ముందు కూర్చుని రాసుకుంటోంది. ఆ ఏడాది క్లాసులో మొదటి స్థానం దానిదే. ఇప్పుడు ఈ దేశంలోనే అల్ఫారెట్టాలో అరవై మంది దాని కింద పనిచేస్తారు. మీటింగుల్లో దాని నోటికి అందరూ హడలిపోతారట. ఆ విద్య ఎవరి దగ్గర నేర్చుకుందో అడిగితే నా పేరు చెబుతుంది. నాకు రెండు డిగ్రీలున్నాయి, ఇరవై ఏళ్ళ ఉద్యోగముంది. అన్నీ ఒకవైపు పెట్టినా ఆ పదకొండు నిమిషాలే బరువు తూగుతాయి. నోరు పెద్దదని నన్నన్నవాళ్ళందరికీ ఇదే నా జవాబు.

మొన్న ఇదంతా చెప్పి, ఇంక అడగడానికేముందన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాను. కరీంనగర్ కుర్చీ వెనక్కి జరుపుకుని నెత్తి గోక్కున్నాడు. ఇన్నేళ్ళకు! కానీ వాళ్ళ అమ్మాయి ఫోర్కు పళ్ళెంలో పెట్టి, నుదురు ముడిచి అడిగింది.

"బట్ ఆంటీ, ఆ డోర్ ఎటు ఉంది? బీచ్ సైడ్? అంటే అతను నిన్ను చూస్తుంటే, నీ వెనక ఉన్నది కూడా కనిపిస్తది కదా?"

నా వీపు సముద్రం వైపు. అతని మొహం సముద్రం వైపు. మెట్ల మీద కూర్చున్న పిల్లను, నీళ్ళు రావడాన్ని, అది నీళ్ళలోకి దిగడాన్ని, బూట్లు పట్టుకుని తిరిగి పరుగెత్తడాన్ని నేను చూడలేదు. అతను చూసి ఉంటాడు. పది గజాల దూరంలో ఉన్న పెద్దమనిషికే ఆగనివాడు, నన్ను లోపలికి లాగి తలుపు మూసుకుని పోవడానికి క్షణం పట్టనివాడు, ఇంజన్ ఆపి చేతులు కట్టుకుని ఇంగువ కథ ఎందుకు విన్నాడు? 'చాలు, ఎక్కు' అన్న మాట, నాకు అడుగుల చప్పుడు వినపడకముందే అతని నోట్లోంచి ఎలా వచ్చింది?

వారం నుంచి ఇదే నన్ను కొరుకుతోంది. అతను ఇప్పుడు బతికి ఉంటే తొంభై దాటి ఉంటాడు. ఎదురుపడితే ఒక్కటే అడుగుతాను: ఆ రోజు మీరు నాతో వాదించారా, లేక నాతో పాటు కాచుకున్నారా?